ఆకు బొమ్మ వేసిన ప్లాస్టిక్ గురించి విశాఖ కలెక్టర్ గారికి

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం.

నేను అక్కయ్యపాలెంలో ఉంటాను. ప్రభుత్వ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ ఉత్తరం ఒక చెత్త సంచి గురించి రాస్తున్నాను. ఆ సంచి ఇప్పుడు నా ముందు పాత పేపరు మీద పరిచి ఉంది. మట్టి కడిగి ఆరబెట్టాను. ఆకుపచ్చ రంగు కాస్త వెలిసింది, రెండు చోట్ల చిరిగింది. దాని మీద ఆకు బొమ్మ, ఆ బొమ్మ కింద ‘100% బయోడిగ్రేడబుల్, ఎకో ఫ్రెండ్లీ’ అన్న అక్షరాలు మాత్రం కొన్న రోజు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. ఈ సంచి పద్నాలుగు నెలలు నా కంపోస్టు డ్రమ్ములో ఉండి వచ్చింది.

మా అపార్ట్‌మెంట్లో ఇరవై నాలుగు ఫ్లాట్లు. మేడ మీద నీలం డ్రమ్ములు పెట్టి తడి చెత్తను ఎరువు చేద్దామని అందరినీ ఒప్పించింది నేనే. కొందరికి వాసన వస్తుందని భయం, కొందరికి పురుగులు పడతాయని భయం. మజ్జిగ చల్లితే, ఎండుటాకులు వేస్తే వాసన రాదని చేసి చూపించాను. అయితే రోజూ మేడ ఎక్కి బకెట్ కడుక్కోవడం అందరి వల్లా కాదు కదా. అప్పుడే పూర్ణా మార్కెట్లో ఈ ఆకుపచ్చ సంచుల రోల్ కనిపించింది. మామూలు నల్ల సంచుల రోల్ అరవై రూపాయలైతే ఇది నూట పది. ‘సంచితో సహా డ్రమ్ములో వేసేయండి, మట్టిలో కలిసిపోతుంది’ అని ఇంటింటికీ వెళ్ళి చెప్పి, డబ్బులు పోగుచేసి, ఒకేసారి నలభై రోల్స్ తెచ్చాను. నా మాట నమ్మి కొన్నారు. టీచరమ్మ చెప్పింది కదా అని కొన్నారు.

రెండు నెలలయ్యాక మొదటి డ్రమ్ము తిరగేస్తే అరటితొక్కలు లేవు, కూరగాయల చెత్త లేదు, కొబ్బరి పీచు మాత్రం కొంచెం మిగిలింది. సంచులు ఎక్కడివక్కడే ఉన్నాయి. టైం పడుతుందేమో అనుకున్నాం. మిగిలిన సంచులు జల్లెడ పట్టి తీసేసి, ఒక్క సంచిని మాత్రం పట్టుదలగా మళ్ళీ మళ్ళీ అదే డ్రమ్ములో వేస్తూ వచ్చాను. ఎండాకాలం పోయింది, వానాకాలం పోయింది, మళ్ళీ సంక్రాంతి వచ్చింది. మొన్న ఉగాది ముందు డ్రమ్ము ఖాళీ చేస్తే అది అడుగున ముడతలు పడి ఉంది. లాగితే సాగింది. రెండు కేజీల ఉల్లిపాయలు పోసి ఎత్తాను. మోసింది.

సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఏటా ఎనిమిదో తరగతి పిల్లల చేత స్కూలు ఆవరణలో ఒక గొయ్యి తవ్వించేదాన్ని. అందులో అరటితొక్క, కాగితం ముక్క, పాత నూలు గుడ్డ, పాల ప్యాకెట్టు వేసి మూసి, నెల తర్వాత తీయించేదాన్ని. పాల ప్యాకెట్టు పైకి వచ్చేసరికి పిల్లలు ‘టీచర్, ఇది అలాగే ఉంది’ అని అరిచేవారు. ఏది జీవ విచ్ఛిన్నం చెందుతుంది, ఏది చెందదు అన్నది వాళ్లకు పుస్తకంతో పని లేకుండా అర్థమయ్యేది. అదే పరీక్ష ఇన్నేళ్లకు నా ఇంటి మీద, నా డబ్బుతో, నా ఇరుగుపొరుగు వాళ్ల నమ్మకంతో జరిగింది. మా మూడో అంతస్తు అమ్మాయి, పాపం ఎంతో శ్రద్ధగా చెత్త వేరు చేసేది, ‘ఇంక వదిలేద్దాం పిన్నిగారూ, ఏ కవరైనా ఒకటే’ అంది. ఆ మాటే నన్ను ఈ ఉత్తరం రాయించింది. లేబుల్‌ను పట్టించుకోని మనిషి దాని వల్ల మోసపోడు. మంచి చేద్దామని నూట పది పెట్టి కొన్న మనిషే మోసపోతాడు. ఒకసారి మోసపోయాక ఆ మనిషిని మళ్ళీ ఒప్పించడం ఎంత కష్టమో మాలాంటి వాళ్లకే తెలుస్తుంది.

ప్యాకెట్టు మీద ఉన్న ఫోన్ నంబరుకు చేశాను. ఎత్తిన అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. ‘డ్రమ్ములో కాదు మేడమ్, ఎండలో పెట్టండి. ఆరు నెలల్లో ముక్కలు ముక్కలైపోతుంది’ అన్నాడు. ముక్కలవడం వేరు, మట్టిలో కలవడం వేరు. ఈ సంగతి మొత్తం ఈ తేడాలోనే ఉంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మామూలు పాలిథిన్‌లో ఇనుము, కోబాల్టు, మాంగనీసు లాంటి లోహాల లవణాలు కొద్దిగా కలిపితే ఎండకు, వేడికి, గాలికి అది పెళుసుబారి విరిగిపోతుంది. ఇలాంటి దాన్ని ఆక్సో డిగ్రేడబుల్ అంటారు. సంచి కంటికి కనపడకుండా పోతుంది కాబట్టి కరిగిపోయిందని మనం అనుకుంటాం. నిజానికి అది వేల ముక్కలై, ఆ ముక్కలు మైక్రోప్లాస్టిక్‌గా మారి మట్టిలోనో నీళ్లలోనో ఉంటాయి. ఒక్క సంచిని ఏరి తీయగలం కానీ ఆ ముక్కల్ని తీయలేం. అంటే మామూలు ప్లాస్టిక్ కన్నా ఇదే ఎక్కువ నష్టం. యూరోపియన్ యూనియన్ దేశాలు ఈ ఆక్సో ప్లాస్టిక్‌ను 2021 జులై నుంచి పూర్తిగా నిషేధించాయి. మన దేశంలో కూడా 2024 మార్చిలో ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల్ని సవరించినప్పుడు, మైక్రోప్లాస్టిక్ ఏదీ మిగలకుండా జీవక్రియ ద్వారా విచ్ఛిన్నమైతేనే దాన్ని బయోడిగ్రేడబుల్ ప్లాస్టిక్ అనాలని నిర్వచనంలోనే రాశారు. ఫోన్లో ఆ అబ్బాయి గొప్పగా చెప్పిన గుణమే ఆ పేరు పెట్టుకోవడానికి వీల్లేని గుణం.

‘కంపోస్టబుల్’ అన్నది ఇంకో మాట. ఇది వేరే జాతి. మొక్కజొన్న పిండి లాంటి వాటితో, ప్రత్యేకమైన పాలిమర్లతో చేస్తారు. దీనికి ఐఎస్ఓ 17088 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఇంచుమించు 58 డిగ్రీల వేడి నిలకడగా ఉండే కంపోస్టులో ఆరు నెలల్లోపు అందులోని కర్బనంలో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. అంత వేడి పెద్ద పెద్ద కంపోస్టు ప్లాంట్లలో సాధ్యం. మేడ మీద నా డ్రమ్ములో చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటుంది, అంతే. అంటే నిజాయితీగా తయారైన సంచి కూడా ఇంటి డ్రమ్ములో అనుకున్నట్టు కలవకపోవచ్చు, గెడ్డలో, అంటే ఊళ్లోని వాగులో, పడితే అసలే చెప్పలేం. ఈ ముక్క ప్యాకెట్టు మీద రాసి ఉంటే నేను ఇరవై నాలుగు ఇళ్లకు అలా చెప్పి ఉండేదాన్ని కాదు.

బ్రిటన్‌లో ప్లిమత్ యూనివర్సిటీ వాళ్లు రకరకాల క్యారీ బ్యాగుల్ని గాలిలో, మట్టిలో, సముద్రంలో మూడేళ్లు ఉంచి చూసి 2019లో ఫలితాలు ప్రచురించారు. బయోడిగ్రేడబుల్ అని రాసి ఉన్న సంచి మూడేళ్లు మట్టిలోనూ సముద్రంలోనూ ఉన్నాక కూడా సరుకులు మోయగలిగింది. అది చదివినప్పుడు నా ఉల్లిపాయల సంచే గుర్తొచ్చింది.

నిజంగా కష్టపడి మంచి సరుకు తయారు చేసేవాళ్లూ ఉన్నారు, అది కూడా చెప్పాలి. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ హైదరాబాద్ ప్రయోగశాల రూపొందించిన సంచుల్ని 2021లో తిరుమలలో లడ్డూల కోసం ప్రవేశపెట్టారు. ఇలాంటి ప్రయత్నాలు చేసేవాళ్లు పరీక్షలకు, సర్టిఫికెట్లకు ఖర్చు పెడతారు. పక్కనే ఒకడు మామూలు పాలిథిన్‌కు పచ్చరంగు వేసి అదే మాట అచ్చు గుద్ది అమ్ముకుంటే వాళ్లు ఎలా నిలబడతారు?

ఇక్కడే అసలు లెక్క ఉంది కలెక్టర్ గారూ. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు తయారు చేయకూడదు, అమ్మకూడదు, వాడకూడదు. అయితే కంపోస్టబుల్ ప్లాస్టిక్ సంచులకు ఈ మందం నిబంధన వర్తించదు. దానికి బదులు వాటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. సంచి మీద ‘కంపోస్టబుల్’ అని, తయారీదారు పేరు, ఆ సర్టిఫికెట్ నంబరు అచ్చు వేయాలి. మినహాయింపు మంచి ఉద్దేశంతోనే ఇచ్చారు. దాన్ని వాడుకుంటున్నది మాత్రం వేరే వాళ్లు. రైతు బజారులో నాకు కూరగాయలు వేసి ఇచ్చిన తెల్ల కవరు మీద ‘బయో కవర్, ఐ యామ్ నాట్ ప్లాస్టిక్’ అని ఉంది. నంబరు లేదు, కంపెనీ పేరు లేదు. మా స్కూల్లో నాతో పనిచేసిన ఫిజిక్స్ మాస్టారు స్క్రూగేజీతో కొలిచి పెట్టారు, 40 మైక్రాన్లు వచ్చింది. కూరగాయలమ్మే ఆవిడను అడిగాను. ‘ఇది బయోదంట కదమ్మా, దీన్ని ఎవరూ పట్టుకోరని చెప్పి ఇచ్చారు’ అంది. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. ఆవిడకు అలా చెప్పి అమ్మారు. నిషేధం ఉన్న వస్తువు నిషేధం తప్పించుకోవడానికి వేసుకున్న వేషం ఆ రెండు మాటలు. తనిఖీలు జరిగితే జరిమానా కట్టేది ఆవిడ. ఆ మాటలు అచ్చు వేయించినవాడి పేరు కవరు మీదే లేదు.

సంచుల సంగతి ఇలా ఉంటే గిన్నెలు, పళ్లేల సంగతి ఇంకోలా ఉంది. కిందటి నెల మా బంధువుల ఇంట్లో ఓణీల ఫంక్షన్. ప్లాస్టిక్ వద్దు, ఆకు పళ్లేలే తెద్దామని వాళ్లే అన్నారు. నాకెంత సంతోషమేసిందో. ప్యాకెట్టు మీద పచ్చటి కొండలు, ‘ప్రకృతి సహజం’ అన్న మాట. పళ్లెం మీద నిజంగానే ఆకు ఉంది. భోజనాలయ్యాక ఒక పళ్లేన్ని తిరగేసి అంచు దగ్గర గోరుతో గీరాను. ఆకుకూ వెనకున్న అట్టకూ మధ్య నుంచి పల్చటి ప్లాస్టిక్ పొర ఉల్లిపొరలా ఊడి వచ్చింది. మెషీన్ మీద ఒత్తి పళ్లెం ఆకారం తేవడానికి, పులుసు కారకుండా ఉండటానికి ఆ పొర వేస్తారట. ఇంకేముంది, ఆకు ఆవు తింటుంది, ఆ పొర కూడా ఆవు కడుపులోకే వెళ్తుంది.

అదే పూర్ణా మార్కెట్‌కు పాడేరు వైపు నుంచి అడ్డాకుల కట్టలు వస్తాయి. కొండల్లో తిరిగి ఆకు కోసి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టిన విస్తర్లు. వాటికి ప్యాకెట్టు లేదు, ఆకు బొమ్మ లేదు, ఏ ఇంగ్లీషు మాటా లేదు, నారతో కట్టి ఉంటాయి. నిజంగా మట్టిలో కలిసే సరుకుకు చెప్పుకోవడానికి నోరు లేదు. ప్లాస్టిక్ పొర దాచుకున్న సరుకు మీద అడవి బొమ్మ ఉంది. అడ్డాకు కుట్టే గిరిజన ఆడవాళ్ల కూలి ఈ దొంగ పళ్లేల వల్ల పడిపోతుంటే అది కూడా ఈ లేబుల్ చేస్తున్న నష్టమే. ఆ మాట ఎవరూ అనడం లేదు కాబట్టి నేను అంటున్నాను.

పేపర్ కప్పుల గురించి ఎక్కువ రాయను. లోపల పాలిథిన్ పూత ఉంటుందని ఇప్పుడు చాలామందికి తెలుసు. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో తేల్చిన దాని ప్రకారం 100 మిల్లీలీటర్ల వేడి పానీయం అలాంటి కప్పులో పావుగంట ఉంటే 25,000 దాకా మైక్రోప్లాస్టిక్ కణాలు అందులో కలుస్తాయి. బీచ్ రోడ్డులో టీ తాగే ప్రతివాళ్లకూ ఆ కప్పు ‘పేపర్’ కప్పే.

‘గుడ్డ సంచి’ పేరుతో బట్టల షాపుల్లో ఇస్తున్నవి ఇంకో రకం. ముట్టుకుంటే గుడ్డలాగే ఉంటాయి. అవి నాన్‌వోవెన్ పాలీప్రొపిలిన్, అంటే ప్లాస్టిక్ పోగుల్ని నేయకుండా వేడితో అతికించినవి. మన నిబంధనలు కూడా వాటిని ప్లాస్టిక్ కిందే లెక్కగట్టి చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గకూడదని పెట్టాయి. మా వరండాలో కొక్కేనికి అలాంటి సంచి ఒకటి ఏడాది పాటు వేలాడింది. మన సముద్రపు గాలికి, పడమటి ఎండకు ఏమైందో ఏమో, ఒకరోజు పట్టుకుంటే వేళ్ల మధ్య పొడిపొడిగా రాలిపోయింది. నీలం రంగు పొడి వరండా అంతా పరుచుకుంది. ఊడ్చాను, గాలికి సగం కిందికి ఎగిరిపోయింది. అది ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. మా వీధి కాలువలోకి, అక్కడి నుంచి గెడ్డలోకి, గెడ్డ నుంచి సముద్రంలోకి. ఈ ఊళ్లో ఏది కింద పడినా చివరికి వెళ్ళేది అక్కడికే. చలికాలం దాటేసరికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికే వస్తాయి. వాటికి సంచి మీద ఏం రాసి ఉందో చదవడం రాదు.

డబ్బాల అడుగున మూడు బాణాల త్రికోణం ఉంటుంది కదా, దాన్ని చూసి ‘ఇది రీసైకిల్ అవుతుంది’ అని పిల్లలకు నేనే చెప్పేదాన్ని ఒకప్పుడు. అది తప్పు. 1988లో అమెరికాలో ప్లాస్టిక్ పరిశ్రమ వాళ్లు పెట్టుకున్న గుర్తు అది. లోపలి అంకె ఏ రకం ప్లాస్టిక్కో చెబుతుంది, అంతే. 1 అంటే నీళ్ల సీసాల ‘పెట్’ ప్లాస్టిక్, 5 అంటే టిఫిన్ డబ్బాల పాలీప్రొపిలిన్, 6 అంటే థర్మాకోల్ జాతి, 7 అంటే ఇంకేదైనా. జనం పొరబడుతున్నారని గుర్తించి 2013లో అమెరికాలోనే ఆ బాణాల్ని తీసేసి మామూలు త్రికోణం పెట్టుకోమన్నారు. మన ఊళ్లో ఏది రీసైకిల్ అవుతుందో తెలియాలంటే పాత సామాన్లు కొనే అతన్ని అడగండి. నీళ్ల సీసా తీసుకుంటాడు, బకెట్ తీసుకుంటాడు. చిప్స్ ప్యాకెట్టు మీద ఎన్ని బాణాలున్నా తీసుకోడు.

మా వీధికి పొద్దున్నే వచ్చే పారిశుద్ధ్య కార్మికురాలితో ఈ విషయం మాట్లాడాను. ఆమె చెప్పింది విన్నది విన్నట్టు రాస్తున్నాను. ‘టీచరమ్మా, పచ్చ కవరని చెప్పి అందరూ తడి చెత్తలో ఏసేస్తన్నారు. నల్ల కవరైతే మాకు తెలుస్తాది, తీసేస్తాం. ఇదయితే ఏరాలో వద్దో మాకే తెలీదు.’ తడి చెత్త ఎరువు కావాలంటే అందులో ప్లాస్టిక్ ఉండకూడదు. ఉంటే ఆ చెత్త మొత్తం కాపులుప్పాడ డంపింగ్ యార్డు దారే పడుతుంది. ఇళ్లలో రెండు బుట్టలు పెట్టించడానికి ఇన్నేళ్లుగా ఎంతమంది ఎంత కష్టపడ్డారో తమకు తెలియనిది కాదు. ఒక పచ్చ కవరు ఆ కష్టాన్ని చెత్తలో కలిపేస్తోంది.

దీనికి తమరేం చేయగలరని నన్ను కొందరు అడిగారు. లేబుల్ విషయం ఢిల్లీది, ప్లాస్టిక్ విషయం మన నగర పాలక సంస్థ జీవీఎంసీది, కాలుష్యం బోర్డుది అన్నారు. అందుకే చట్టం తెచ్చుకుని చదివాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ప్రకటన అంటే ఏమిటో చెప్పే చోట లేబుల్, రేపర్ అన్న మాటలు స్పష్టంగా ఉన్నాయి. అంటే సంచి మీద అచ్చు వేసిన ఆకు బొమ్మ, ‘ఎకో ఫ్రెండ్లీ’ అన్న మాట, టీవీలో వచ్చే ప్రకటనతో సమానం. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద ఫిర్యాదు ఎవరికి ఇవ్వొచ్చో 17వ సెక్షన్ చెబుతుంది. అందులో మొదటి పేరు జిల్లా కలెక్టర్‌ది. అలాంటి ఫిర్యాదు మీద తన జిల్లాలో విచారణ చేసి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు నివేదిక పంపే అధికారం 16వ సెక్షన్ కలెక్టర్‌కు ఇచ్చింది. ఆ సంస్థ తయారీదారుకు 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. కాయగూరల బండి మీద వేసే ఐదు వందల జరిమానాతో కాని పని దీనితో అవుతుందని నా నమ్మకం.

అదే ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో పర్యావరణం పేరుతో చేసే తప్పుడు ప్రచారాల మీద మార్గదర్శకాలు తెచ్చింది. ఎకో ఫ్రెండ్లీ, గ్రీన్, నేచురల్, సస్టెయినబుల్ లాంటి గాలి మాటలు ఊరికే వాడకూడదు. వాడితే దేని గురించి అంటున్నారో, వస్తువు మొత్తమా, ప్యాకింగ్ మాత్రమేనా, తయారు చేసే పద్ధతా, పారేసే పద్ధతా, వివరం చెప్పాలి, రుజువు చూపించాలి. కంపోస్టబుల్, రీసైక్లబుల్, డిగ్రేడబుల్ లాంటి మాటలకైతే నమ్మదగిన సర్టిఫికెట్టో శాస్త్రీయ ఆధారమో ఉండాలి. ఉత్త పచ్చరంగు వాడినంత మాత్రాన తప్పు కాదని, అది మోసానికి దారితీయకపోతే ఫర్వాలేదని కూడా అందులో ఉంది, అది న్యాయమే. నేను రంగు మీద ఫిర్యాదు చేయడం లేదు. మాట మీద చేస్తున్నాను.

కాబట్టి ఈ ఉత్తరాన్ని 17వ సెక్షన్ కింద ఫిర్యాదుగా తీసుకోమని కోరుతున్నాను. ఇది నా ఒక్కదాని నూట పది రూపాయల గొడవ కాదు, ఊరందరిదీ. ముందుగా పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్, గాజువాక హోల్‌సేల్ షాపుల నుంచి బయో, ఎకో, కంపోస్టబుల్ అని రాసి ఉన్న సంచులు, పళ్లేలు, కప్పులు కొన్ని కొనిపించండి. సర్టిఫికెట్ నంబరు ఉన్నవాటిని కేంద్ర మండలి జాబితాతో సరిచూడటం ఒక్క రోజు పని. నంబరు లేనివి అక్కడికక్కడే తేలిపోతాయి. అనుమానం ఉన్నవాటిని ప్లాస్టిక్‌ను పరీక్షించే సిపెట్ లాంటి ల్యాబుకు పంపించండి. సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో బిల్లులు పట్టుకుని వెనక్కి వెళ్తే ఆ మాటలు అచ్చు వేయించినవాడు దొరుకుతాడు. చిన్న షాపుల వాళ్ల మీద పడొద్దు. వాళ్లూ మాలాగే చదివి నమ్మినవాళ్లు.

ఇంకొకటి, రైతు బజార్లలో తెలుగులో ఒక బోర్డు పెట్టించండి. పెద్ద పెద్ద అక్షరాలతో: కంపోస్టబుల్ అన్న సంచి మీద తయారీదారు పేరు, సర్టిఫికెట్ నంబరు ఉందో లేదో చూడండి, లేకపోతే అది ప్లాస్టిక్కే అనుకోండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఇంతే చాలు. కేంద్ర ప్రభుత్వం 1991లోనే ఎకోమార్క్ అని ఒక పథకం పెట్టింది. దాని గుర్తు మట్టికుండ. మట్టితో చేసి, మట్టిలో కలిసే కుండ. అంత చక్కటి గుర్తు ఉండి కూడా ఇన్నేళ్లలో మన మార్కెట్లో ఒక్క సామాను మీద నేను దాన్ని చూడలేదు. బోర్డు మీద ఆ కుండ బొమ్మ కూడా వేయించండి. చదువు రాని వాళ్లకు కూడా ఏది చూడాలో తెలుస్తుంది.

2022 ఆగస్టులో బీచ్ శుభ్రం చేయడానికి ఈ ఊరు ఊరంతా కదిలింది. మా స్కూలు పిల్లల్ని తీసుకుని నేనూ వెళ్ళాను. ఇసకలో కూరుకుపోయిన కవర్లు లాగుతూ ఒక పాప, ‘టీచర్, దీని మీద ఆకు బొమ్మ ఉంది, ఇది కూడా తీయాలా?’ అని అడిగింది. తీయమన్నాను కానీ ఎందుకు తీయాలో అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడైతే చెప్పగలను.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వస్తాను. పద్నాలుగు నెలల సంచి, 40 మైక్రాన్ల కవరు, గోరుతో గీరిన పళ్లెం, నాన్‌వోవెన్ సంచి రాల్చిన పొడి ఒక సీసాలో, వాటి ప్యాకింగ్ కవర్లు, నా దగ్గరున్న రసీదులు అన్నీ తెస్తాను. రసీదుల మీద షాపుల పేర్లు కనిపించకుండా కాగితం అంటించాను. ప్యాకింగ్ మీద హోల్‌సేల్ వాళ్ల అడ్రసు ఉన్న చోట మాత్రం ఎర్ర పెన్నుతో గీత గీశాను.

ఇట్లు,
అక్కయ్యపాలెం నుంచి ఒక రిటైర్డ్ జీవశాస్త్రం టీచరు